ఆ పచ్చిక ఎవరిదమ్మాయ్?

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీలో ఏదో పాత సినిమా వస్తోంది. కథ సరిగ్గా రసపట్టులో పడేసరికి హీరో హీరోయిన్లిద్దరూ ఉన్నట్టుండి స్విట్జర్లాండులో తేలారు. మన సినిమాల్లో అది మామూలేగా! ఆయనగారు మెడదాకా ఉన్నికోటు తొడుక్కుని ఉన్నాడు. ఆవిడ మాత్రం పల్చటి షిఫాన్ చీరలో పరుగులు పెడుతోంది. వెనకాల మంచుకొండలు, ముందు కనుచూపు మేర పచ్చిక. ‘అయ్యో, ఆ పిల్లకి జలుబు చెయ్యదూ!’ అని నేననుకుంటూండగానే, పడక్కుర్చీలో కునికిపాట్లు పడుతున్న మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగారు.

“ఆ పచ్చిక ఎవరిదమ్మాయ్?”

డ్యూయెట్టు చూస్తూ పచ్చిక ఆసామీ ఎవరని అడిగిన ప్రేక్షకురాలు బహుశా దేశం మొత్తమ్మీద మా అత్తగారొక్కరే అయివుంటారు. ఆవిడ తప్పేం లేదు. ఎనభై ఏళ్ళ మనిషి. అందులో యాభై ఏళ్ళు పల్లెటూళ్ళో పాడి చేసిన చెయ్యి. గేదె చూసే చూపుని బట్టి దానికేం కావాలో చెప్పగలరు. అంత గడ్డి కంటపడితే ఇక హీరోయిన్ ఎక్కడ ఆనుతుంది?

“ఎవరిదేమిటండీ అత్తయ్యగారూ! ఊరందరిదీ అయివుంటుంది,” అన్నాను తోచినట్టు.

“ఊరందరిదీనా? ఊరందరిదీ అయితే ఈపాటికి అంత గడ్డి మిగులుతుందటే?” అని ఒక్కమాటలో తీసిపారేశారు.

అలా అనడానికి ఆవిడ కారణాలు ఆవిడకున్నాయి. ఆవిడ కాపరానికి వచ్చిన కొత్తలో ఊరి బయట చెరువు పక్కన పెద్ద మేతపోరంబోకు ఉండేదట. తెల్లారేసరికి ఊరి పశువులన్నిటినీ అక్కడికి తోలుకుపోయేవారట. రానురాను గట్టు పక్క రైతొకాయన ఏడాదికో చాలు చొప్పున లోపలికి దున్నుకుంటూ వచ్చాడు. ఇంకొకాయన అక్కడ వామి వేసుకుని, వామి చుట్టూ కంచె వేసుకుని, కొన్నాళ్ళకు ఆ కంచెకు తలుపు పెట్టుకున్నాడు. అందరూ చూస్తూనే ఉన్నారు. ఎవరూ పెదవి విప్పలేదు. ఎందుకంటే అది ఎవరి సొంతమూ కాదు గనక! ఇప్పుడక్కడ బీడూ లేదు, మందా లేదు.

ఆ ముక్క అనేసి ఆవిడ మళ్ళీ కునుకులోకి జారుకున్నారు. నాకు మాత్రం ఆ ప్రశ్న చెవిలో జోరీగై కూర్చుంది. కథలల్లుకుని బతికేదాన్నే అయినా, బి.ఏ.లో చరిత్ర చదువుకున్న పాపానికి ఇలాంటి ప్రశ్న ఒకటి పట్టుకుంటే వదలదు. వెతుక్కుంటూ పోయాను. ఆ పోవడం, పోవడం... ఐదువందల ఏళ్ళ వెనక తేలాను.

ముందుగా ఒక చిన్న సంగతి. మనం ఆల్ప్స్ అంటే మంచుకొండలనుకుంటాం. ఆ కొండల్లో పశువుల్ని పెంచుకునేవాళ్ళు మాత్రం ‘ఆల్ప్’ అన్నప్పుడు వాళ్ళ మనసులో మెదిలేది కొండమీద ఉండే వేసవి మేతబీడు. అక్కడ చలికాలం పొడుగు, ఎండాకాలం పొట్టి. జూన్‌లో మంచు కరిగి గడ్డి లేవగానే ఆవుల్ని మెడకు గంటలు కట్టి పైకి తోలతారు. మూడు నెలల ముచ్చట! సెప్టెంబరు వచ్చేసరికి మళ్ళీ కిందికి దింపెయ్యాలి. మిగతా కాలమంతా అవి కొట్టంలోనే. వాటికి కావలసిన ఎండుగడ్డి వేసవిలోనే కోసి, ఆరబెట్టి, అటక నిండా దాచుకోవాలి. మనం ఎండల్లో ఆవకాయ పెట్టుకున్నట్టన్నమాట. దాచుకున్నది అయిపోతే ఇంకో దారి లేదు. బయటంతా మంచే.

స్విట్జర్లాండుకు దక్షిణాన వాలే అనే రాష్ట్రం ఉంది. అందులో విస్ప్ నది లోయలో, కొండవాలున, సుమారు 1500 మీటర్ల ఎత్తున టోర్బెల్ అని ఓ చిన్న పల్లె. మన సినిమావాళ్ళు పాటలు తీసింది అక్కడే అని నేనెక్కడా చదవలేదు గానీ, మా అత్తగారి ప్రశ్నకి జవాబు మాత్రం అక్కడ దొరికింది. 1970లలో రాబర్ట్ నెటింగ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ఆ ఊరికి వెళ్ళి, ఊళ్ళో ఉన్న పాత కాయితాలూ, చర్చిలో రాసిపెట్టిన జనన మరణాల, పెళ్ళిళ్ళ పుస్తకాలూ ఓపిగ్గా తిరగేశాడు. ఆ ఊరి కథంతా 1981లో పుస్తకంగా రాశాడు.

ఆ కాయితాల్లో ఒకదాని మీద తేదీ 1483 ఫిబ్రవరి 1. మన కృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కడానికి ఇంకా పాతికేళ్ళకు పైనే ఉంది. ఆ మాటకొస్తే వాలే స్విట్జర్లాండులో పూర్తి రాష్ట్రంగా చేరింది కూడా 1815లోనే. అలాంటి కాలంలో ఆ కొండపల్లెవాళ్ళు ఓచోట కూర్చుని, పైనున్న మేతబీడునీ, అడవినీ, బంజరునీ అందరం కలిసి ఎలా వాడుకోవాలో చూసుకునేందుకు ఒక సంఘం పెట్టుకుని సంతకాలు చేశారు. పై నుంచి ఏ రాజూ వచ్చి చెప్పలేదు. ఊరు తనకు తాను రాసుకున్న కట్టుబాటు అది.

అందులో మొదటి సంగతి ఏమిటంటే, ఎవరు మనవాళ్ళో తేల్చుకోవడం. బయటివాడు ఎవడైనా వచ్చి ఊళ్ళో పొలం కొనుక్కోవచ్చు. కొన్నంత మాత్రాన కొండమీది మేతలో గానీ, అడవి కలపలో గానీ వాడికి హక్కు రాదు. భూమి వేరు, ఊరి ఉమ్మడి వేరు. ఈ కట్టుబాటు వినడానికి కాస్త కటువుగానే ఉంటుంది. మన ఇంట్లో అద్దెకు దిగినంత మాత్రాన మన పెరటి మునక్కాయలు కోసుకునే హక్కు వస్తుందా అంటే, వినడానికి అంత కటువుగా ఉండదు!

రెండో కాయితం 1517 నాటిది. అప్పటికి రాయలవారు రాజ్యం చేస్తున్నారు. ఆ కాయితంలో ఉన్న ఒక్క వాక్యం సారాంశం చదివి నేను పుస్తకం పక్కనపెట్టి కాసేపు అలా కూర్చుండిపోయాను. అదేమిటంటే: చలికాలంలో ఎన్ని ఆవుల్ని తన గడ్డితో మేపగలడో, అన్నిటినే ఎవరైనా వేసవిలో కొండమీదికి తోలాలి. అంతకు మించి ఒక్క ఆవుని పంపినా గట్టి జరిమానా.

అంతే. చూడ్డానికి ఎంత చిన్న మాట! కానీ అందులో ఉన్న తెలివి చూడండి. కొండమీద గడ్డి ఎంతుందో, ఎన్ని ఆవులకు సరిపోతుందో కొలిచేదెవరు? కొలిచినా ఒప్పుకునేదెవరు? ‘నీ లెక్క తప్పు’ అంటే ‘నీ లెక్కే తప్పు’ అని పోట్లాటలు. వాళ్ళు కొండని కొలవడం మానేసి, ఎవరి అటక వాళ్ళు కొలుచుకోమన్నారు. నీ అటకమీద ఎండుగడ్డి ఎంతుందో ఊళ్ళో అందరికీ తెలుసు. నీ కొట్టంలో చలికాలమంతా ఎన్ని ఆవులు నిలబడ్డాయో పక్కింటివాళ్ళకి ఇంకా బాగా తెలుసు. దాపరికానికి చోటేదీ?

ఈ కట్టుబాటు లేకపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. చేతిలో నాలుగు డబ్బులున్న పెద్దమనిషి వసంతకాలంలో దిగువ సంతకు పోయి పది ఆవుల్ని కొనుక్కొచ్చేవాడు. ఊరందరి గడ్డి మీద మూడు నెలలు మేపి, బలిశాక శీతాకాలం ముందు అమ్మేసి లాభం మూటగట్టుకునేవాడు. మరుసటి ఏడు ఆయన్ని చూసి ఇంకొకాయన. మూడో ఏటికి కొండ బోడి. ఆ దారిని అటకతో మూసేశారు. చలికాలపు కష్టం పడినవాడికే వేసవి సుఖంలో వాటా అన్నమాట.

అయితే కాయితంమీద రాసుకోవడం ఎవరైనా రాసుకుంటారు. మన అపార్టుమెంట్లలో లిఫ్టు పక్కన అంటించిన నోటీసులు ఎన్ని లేవు! ‘మెట్లమీద చెప్పులు విడవరాదు’ అన్న నోటీసు కిందే చెప్పులు విడుస్తాం. టోర్బెల్ మాట చెల్లడానికి వాళ్ళు ఇంకో రెండు ఏర్పాట్లు చేసుకున్నారు.

మొదటిది, ఆవులు కొండెక్కిన వెంటనే వాటిని లెక్కపెట్టెయ్యడం. లెక్క చూసి తప్పు పట్టడానికి ఊరి తరఫున ఒక అధికారి ఉండేవాడు. జరిమానా వేసే హక్కు ఆయనది. వేసిన దాంట్లో సగం ఆయనకే! ఇక ఆయన కళ్ళు మూసుకుని ఊరుకుంటాడా? రెండోది ఇంకా ముచ్చటైనది. కొండమీద మూడు నెలలూ పిండిన పాలన్నిటితో అక్కడే చీజు తయారుచేస్తారు. అన్ని పాలు రోజూ కిందికి మోసుకురావడం అయ్యేపని కాదుగదా. శీతాకాలం ముందు ఆ చీజుని ఊరందరికీ పంచుతారు. ఎవరి వాటా ఎంతో తేల్చేది ఆ మొదటినాటి ఆవుల లెక్కే. అంటే ఆవుల్ని లెక్కలో దాచిపెట్టినవాడికి ఆ మేరకు చీజు కూడా పోతుంది. ఎక్కువ చెబితే జరిమానా, తక్కువ చెబితే చీజు పోటు! ఇల్లాలి బుర్రలోంచి పుట్టిన ఉపాయంలా లేదూ?

హక్కుతో పాటు పని కూడా వంతే. కొండదారి బాగుచెయ్యాలి. మంచుచరియలు విరిగిపడి కూలిన పాకల్నీ దడుల్నీ మళ్ళీ కట్టాలి. పేడ ఒకచోటే కుప్పపడకుండా బీడంతటా చల్లాలి. ఎవరికి ఎన్ని ఆవులుంటే అంత పని చెయ్యాలి, లేదా డబ్బు కట్టాలి. అడవిలో కట్టెల సంగతీ అంతే. ఏయే చెట్లు కొట్టొచ్చో ఊరి పెద్దలు ముందే గుర్తుపెడతారు. కొన్ని ఇళ్ళవాళ్ళు ఒక జట్టుగా కలిసి కొట్టి, దుంగల్ని సమానంగా కుప్పలు పోసి, ఏ కుప్ప ఎవరిదో చీటీలు వేసి తేలుస్తారు. కుప్పలు పోసేటప్పుడు ఏది తనకు వస్తుందో ఎవరికీ తెలియదు. ఇంక హెచ్చుతగ్గులు ఎందుకు పోస్తారు? పిల్లలిద్దరికీ కేకు కోసేటప్పుడు, కోసేది ఒకళ్ళు, ముందు తీసుకునేది ఇంకొకళ్ళు అని మనం పెట్టుకునే ఒప్పందం ఇదే!

‘ఇన్ని తిప్పలెందుకు, కొండని ముక్కలు చేసి తలా కాస్తా పంచేసుకుంటే పోలేదా?’ అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. వాళ్ళకి సొంత ఆస్తి తెలియక కాదు. ఊరి దగ్గరున్న రై చేలూ, కూరమళ్ళూ, ద్రాక్షతోటలూ, ఎండుగడ్డి కోసుకునే మళ్ళూ ఎవరివి వాళ్ళవే. తండ్రి పోయాక కొడుకులతో సమానంగా కూతుళ్ళకీ వాటా ఉండేది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో హక్కు ఇస్తూ చట్టం వచ్చింది 1986లో, దేశమంతటికీ వచ్చింది 2005లో అన్నది గుర్తుచేసుకుంటే, ఆ కొండపల్లె మీద కాస్త గౌరవం కలుగుతుంది.

కానీ పైనున్న బీడు సంగతి వేరు. అక్కడ ఎకరానికి వచ్చే గడ్డి తక్కువ. ఒక ఏడు ఈ వాలున మంచు ముందుగా కరుగుతుంది, ఇంకో ఏడు ఆ వాలున. ముక్కలు చేసి పంచితే ఒకడి ముక్కలో మేత ఉంటుంది, ఇంకొకడి ముక్క మంచుకింద ఉంటుంది. పైగా ప్రతి ముక్కకీ ఓ దడి, ఓ కాపరి, ఓ దారి. ఆ ఖర్చుకి ఆవుల్నే అమ్ముకోవాలి. అందుకని బాగా పండే మడిని సొంతానికి పెట్టుకుని, పలచగా పండే కొండని ఉమ్మడిగా ఉంచుకున్నారు. అంటే ఉమ్మడి అనేది లోకం తెలియక చేసిన పని కాదు. రెండూ చూసినవాళ్ళు, దేనికేది తగునో చూసుకుని చేసిన పని.

ఇక్కడ ఇంకో పెద్దమనిషిని పరిచయం చెయ్యాలి. గారెట్ హార్డిన్ అని అమెరికాలో జీవశాస్త్ర ఆచార్యుడు. 1968లో ఆయనో వ్యాసం రాశాడు. అందులో ఓ చిన్న కథ ఉంది. అందరికీ చెందిన ఓ మేతబీడు. ప్రతి కాపరీ ‘నేనింకో పశువుని తోలితే లాభం మొత్తం నాది, నష్టం అందరిదీ’ అనుకుంటాడు. అలా అందరూ ఒక్కొక్కటే పెంచుకుంటూ పోతారు. చివరికి బీడు నాశనం, అందరూ నాశనం. ఉమ్మడికి పట్టే గతి ఇదేనని ఆయన తేల్చాడు. ఈ కథ ప్రపంచమంతా పాకింది. ఉమ్మడి భూములైతే ప్రభుత్వం చేతికి పోవాలి, లేకపోతే సొంతదార్ల చేతికి పోవాలి అని వాదించేవాళ్ళందరికీ అది వేదమయింది. మా అత్తగారు వ్యాసం చదవకుండానే చెప్పిన మాట కూడా ఇదేగా!

కథలు రాసేదాన్ని గనక నాకు ఆ కథలో ఒక లోపం కనబడుతుంది. అందులో ఏ కాపరీ ఇంకో కాపరితో ఒక్క మాటన్నా మాట్లాడడు. రోజూ ఒకే బీడుకు వస్తారు, ఒకే వాగులో నీళ్ళు తాగిస్తారు, పిల్లల్ని ఇచ్చిపుచ్చుకుని వియ్యాలందుకుంటారు. అయినా ‘ఏం బావా, ఈ ఏడు నీ మంద మరీ పెరిగిందే!’ అని ఒక్కడూ అనడు. పాత్రల నోళ్ళు కుట్టేస్తే ఎంత విషాదమైనా నడిపించొచ్చు. మా నవలల్లో కూడా మొగుడూ పెళ్ళాలు సూటిగా ఒక్కమాట మాట్లాడుకుంటే ఇరవై వారాల సీరియల్ రెండో వారంలోనే అయిపోతుంది కదండీ! తరవాత 1994లో హార్డిన్ కూడా తన మాట సవరించుకున్నాడు. తాను చెప్పిన గతి, ఎవరి ఆజమాయిషీ లేని ఉమ్మడికి పట్టే గతి అని రాశాడు. ఆ సవరణ మాత్రం మొదటి కథ పాకినంత దూరం పాకలేదు.

ఈ కథకి నిజం కాయితాలతో జవాబు చెప్పింది ఓ ఆడమనిషి. పేరు ఎలినార్ ఆస్ట్రమ్. 1933లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టింది. ఆడపిల్లలకు పెద్ద లెక్కలెందుకులే అనుకునే రోజులు అవి. అలా బడిలో లెక్కలు ముందుకు సాగకపోవడంతో, తరవాత అర్థశాస్త్రంలో పరిశోధనకు అడిగితే చోటు దొరకలేదు. రాజనీతిశాస్త్రంలో చేరింది. ఆవిడ 1990లో రాసిన పుస్తకంలో టోర్బెల్ కాయితాల కథంతా ఉంది. జపాన్ కొండ ఊళ్ళు, స్పెయిన్ కాలవలు, ఫిలిప్పీన్స్ కాలవలు... ఎక్కడెక్కడ జనం తమ ఉమ్మడిని తామే కాపాడుకున్నారో, ఎక్కడ కాపాడుకోలేకపోయారో రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. నిలిచినచోట్ల ఏమున్నాయి? ఎవరు మనవాళ్ళో తెలిసిన హద్దు. ఆ నేలకి తగిన కట్టుబాటు. ఆ కట్టుబాటు చేసుకోవడంలో వాడుకునేవాళ్ళకు నోరు. తమ మనిషే కాపలా. చిన్న తప్పుకి చిన్న జరిమానా, పెద్ద తప్పుకి పెద్దది. తగువొస్తే దగ్గర్లోనే తీర్పు. పైనున్న ప్రభుత్వం వచ్చి దాన్ని చెడగొట్టకుండా ఉండడం.

2009లో ఆవిడకి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మొట్టమొదటి స్త్రీ ఆవిడే. చోటివ్వని శాస్త్రమే పిలిచి పీట వేసిందన్నమాట. 2012లో పోయింది.

‘ఇదంతా తెల్లవాళ్ళకి చెల్లింది, మనవల్ల ఎక్కడవుతుంది?’ అంటారేమో. తొందరపడకండి. రాబర్ట్ వేడ్ అనే ఆయన మన కర్నూలు జిల్లా పల్లెల్లో తిరిగి, 1988లో ఓ పుస్తకం అచ్చువేశాడు. తుంగభద్ర కాలవ కింద ఉన్న కొన్ని ఊళ్ళలో సర్కారు పంచాయతీతో సంబంధం లేకుండా ఊరివాళ్ళే ఒక పెద్దల సభ పెట్టుకున్నారు. ఊరి నిధి ఒకటి. పశువులు చేలమీద పడకుండా చూడ్డానికి కాపలావాళ్ళు, నీళ్ళు వంతులవారీగా వదలడానికి మనుషులు. కోతలయ్యాక గొర్రెల మందలు వచ్చి కొయ్యకాళ్ళు మేసుకునే హక్కుని వేలం వేసి, ఆ డబ్బుని ఆ నిధిలో వేసేవారు. ఆశ్చర్యం ఏమిటంటే, పక్కపక్కనే ఉన్న ఊళ్ళలో కూడా ఒకచోట ఇదంతా ఉంది, ఇంకోచోట లేదు. కాలవ చివరన ఉండి, నీటికి కటకటపడే ఊళ్ళలోనే ఎక్కువగా ఉంది. అవసరం ముంచుకొచ్చినచోట మనవాళ్ళూ నోరు విప్పి మాట్లాడుకున్నారు.

ఇదంతా చదువుకుని, పరీక్షకి బాగా తయారైన పిల్లలా ఓ సాయంత్రం మా అత్తగారి పక్కన కూర్చుని మొదలుపెట్టాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నారు. అటకమీది గడ్డిని బట్టి ఆవులు అన్న ముక్క దగ్గర చెయ్యి ఆపారు.

“ఇందులో వింతేముందే! ‘వామి చూసి గేదెను కట్టుకో’ అని మా అమ్మ చెబుతూనే ఉండేదిగా,” అన్నారు. కాసేపాగి, “వాళ్ళు దాన్ని కాయితమ్మీద పెట్టారన్నమాట,” అని మళ్ళీ కాయ అందుకున్నారు.

తరవాత ఉన్నట్టుండి అడిగారు: “అది సరేగానీ, ఆ గడ్డి కోసి ఆరబోసి అటకెక్కించేదెవరు? ఆడవాళ్ళేనా?”

“చాలామటుకు ఆడవాళ్ళేనండీ. మగవాళ్ళు విస్ప్‌లో ఫ్యాక్టరీ పనికి దిగిపోవడం మొదలయ్యాక మరీనూ. కొండవాలున గడ్డి మోపులు వీపుమీదే మొయ్యాలి.”

“మరి మేత తేల్చే సభలో ఆడవాళ్ళు కూర్చునేవారా?”

చూశారా, ఎక్కడ పట్టుకున్నారో! ఇన్ని పుస్తకాలు చదివిన నేను అంతవరకూ ఆ ప్రశ్న వేసుకోలేదు. కూతుళ్ళకి సమానంగా భూమి పంచిన ఆ వాలే రాష్ట్రంలోనే ఆడవాళ్ళకు ఓటు వచ్చింది 1970లో. దేశం మొత్తానికి 1971లో. మనకి స్వతంత్ర భారతంలో మొదటి ఎన్నికల నుంచే ఉన్న ఓటది! 1957లో ఆ రాష్ట్రంలోనే ఉంటర్‌బేఖ్ అనే ఇంకో పల్లె ఉంది చూశారూ, అక్కడో చిన్న తిరుగుబాటు జరిగింది. ఆడవాళ్ళకి కూడా పౌరరక్షణ సేవ తప్పనిసరి చెయ్యాలా వద్దా అని దేశమంతా ఓటు పెట్టారు. ఓటు వేసేది మాత్రం మగవాళ్ళు! మా మీద పడే బరువు గురించి మమ్మల్ని అడగరేం అంటూ, ఆ ఊరి పాలకవర్గం అండతో 33 మంది ఆడవాళ్ళు వెళ్ళి ఓటేశారు. వాళ్ళ ఓట్లు వేరే పెట్టెలో వేయించారు. లెక్కలోకి తీసుకోలేదు. అయినా ఆ దేశంలో ఆడవాళ్ళు దేశవ్యాప్త ఓటింగులో చీటీ పెట్టెలో వెయ్యడం అదే మొదలు.

ఐదువందల ఏళ్ళు నిలిచిన మంచి కట్టుబాటులో కూడా అంత పెద్ద వెలితి ఉంది మరి. ఆవుని లెక్కపెట్టారు, చీజుని లెక్కపెట్టారు. మోపు మోసిన వీపుని సభలో లెక్కపెట్టలేదు. ఎక్కువ గడ్డి మళ్ళున్నవాడికి ఎక్కువ ఆవులు వెళ్ళాయి గనక, ఆ కట్టుబాటు అందరినీ సమానం చెయ్యలేదు కూడా. అది చేసిందల్లా గడ్డిని మిగల్చడం. అదీ చిన్న సంగతేం కాదు. అన్నీ చేసే కట్టుబాటు ఇంకా ఎవరూ రాసుకోలేదు.

ఇప్పుడు అక్కడి కష్టం తిరగబడింది. చదువుకున్న పిల్లలు పట్నాలకు దిగిపోతున్నారు. మేపేవాళ్ళు లేక కొన్ని ఎత్తైన బీళ్ళలో తుప్పలు లేచి అడవి కమ్ముకుంటోంది. అందుకని అక్కడి ప్రభుత్వం వేసవిలో కొండమీదికి పశువుల్ని తోలేవాళ్ళకి డబ్బిస్తోంది. 2023లో ఆ వేసవి మేత సంప్రదాయాన్ని యునెస్కో మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. అంటే మనం సినిమాల్లో చూసే ఆ పచ్చిక దానంతటదే పరుచుకున్నది కాదు. ఎక్కువ మేపితే చచ్చిపోయేది, మేపకపోతే అడవిలో కలిసిపోయేది. మనుషులు ఏడాదికేడాది లెక్కపెట్టుకుంటూ నిలబెట్టినది.

ఇవన్నీ చెప్పాక మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. చిక్కుడుకాయలు అయిపోయాయి. గిన్నె నా చేతికిచ్చి, ఈనెలన్నీ కాయితంలో పొట్లం కడుతూ అన్నారు:

“మా చెరువుగట్టు బీడు గురించి కూడా ఓ రాత్రి రచ్చబండ దగ్గర కూర్చున్నారే. మీ మామగారూ వెళ్ళారు. ఎవరికి వాళ్ళు పక్కవాడే అడుగుతాడులే అని ఊరుకుని లేచి వచ్చారు. మరునాడు పొద్దున్న పశువుల్ని ఎక్కడికి తోలాలో తెలియక నిలబడింది మేము. మమ్మల్ని ఎవరూ రమ్మనలేదు. రమ్మని ఉంటే ఎవరింట్లో వామి ఎంతో, ఎన్ని గేదెలకు సరిపోతుందో వేళ్ళమీద చెప్పేవాళ్ళం.”

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మా అపార్టుమెంటు అసోసియేషన్ సభ నెలకోసారి జరుగుతుంది. నీళ్ళ వంతులూ, మేడమీద దండేలూ అన్నీ అక్కడే తేలుస్తారు. ఆ నీళ్ళు పట్టేదీ, ఆ దండేలమీద బట్టలు ఆరేసేదీ మేమే. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఆ సభకి వెళ్ళలేదు. మావారే వెళ్ళి, కాఫీ తాగి, “ఏం తేలలేదోయ్,” అంటూ వస్తారు.

వచ్చే ఆదివారం మళ్ళీ సభ ఉందట. ఈసారి నేను వెళ్తున్నాను. అత్తయ్యగారు కూడా వస్తానంటున్నారు.